పసుపుతో కాన్సరు నివారణ: నిజ మెంత?

మన తెలుగునాట పసుపు లేని పోపులపెట్టె యుండదు. పప్పులో వేయుటకు, గడపకు పూయుటకు, పెండ్లికూతురికి నలుగు పెట్టుటకు, వేలు తెగినచోట అద్దుటకు అన్నిటికి అదియే. ప్రపంచములో పండు పసుపులో నూటికి 70 పాళ్లకు పైగా మన దేశమే పండించుచున్నది. అందులో నిజామాబాదు, జగిత్యాల, దుగ్గిరాల, కడప ప్రాంతముల సరుకునకు చిరకాలముగా పేరు గలదు. ఇది అందరు నెరిగినదే. అయితే కొన్ని సంవత్సరములుగా ఈ పంటకు మరియొక పేరు వచ్చినది. పసుపు తినువారికి కాన్సరు రాదనియు, వచ్చినను పసుపుతో మానుననియు ప్రకటనలు వెలువడుచున్నవి. పసుపు సారమును గుళికలలో నింపి మందుల అంగళ్లలో అమ్ముచున్నారు. సరుకు కొను వర్తకులు గూడ కొమ్ముల రంగు, పొడవు చూచి యూరకొనక "మీ పసుపులో కర్కుమిన్ ఎంత యున్నది?" అని రైతు నడుగుట మొదలు పెట్టినారు.

కావున ఈ విషయముతో రైతునకు రెండు విధములైన సంబంధ మున్నది. అతడు పసుపు నమ్మువాడు, తినువాడును. ఇంటిలో నొకరికి ఈ జబ్బు వచ్చినప్పుడు ఆస్పత్రికి పోవుటయా, పసుపుపాలతో గడుపుటయా అను ప్రశ్న వచ్చిన ఇండ్లు మన పల్లెలలో లేకపోలేదు. శాస్త్రజ్ఞులు ఇంతవరకు చూచిన దేమి, చూడని దేమి యను సంగతిని, లాభము కొరకు ప్రకటించు వారి మాటలను ప్రక్కనబెట్టి, ఇక్కడ వివరింతుము.

కర్కుమిన్ అన నేమి?

పసుపునకు పసుపురంగు నిచ్చు పదార్థమే కర్కుమిన్. దీనిని 1815 సం.లోనే ఐరోపాలో వేరుపరచినారు. దాని రసాయన నిర్మాణము 1910 సం.లో తేలినది. ఎండిన పసుపులో ఇది సామాన్యముగా నూటికి 2 మొదలు 5 పాళ్లు ఉండును. మిగిలిన దంతయు పిండిపదార్థము, పీచు, తేమ, వాసన నిచ్చు నూనె మున్నగునవి. అనగా వంద గ్రాముల పసుపుపొడిలో కర్కుమిన్ సుమారు మూడు గ్రాములు మాత్రమే యని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు లెక్కలన్నిటికి ఇదియే ఆధారము.

ప్రయోగశాలలో గాజుపాత్రలలో పెంచిన కాన్సరు కణములపై కర్కుమిన్ పోసినచో అనేక రకముల కణములు పెరుగుట మానుచున్నవి, కొన్ని చచ్చుచున్నవి. 1988 సం.లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు ఎలుకల చర్మముపై కాన్సరు కలిగించు రసాయనములను పూసి, దానితోపాటు కర్కుమిన్ గూడ పూయగా కంతులు తక్కువగా లేచినవి. శరీరములో వాపును, మంటను పుట్టించు కొన్ని మార్గములను ఇది అణచునని తరువాత తేలినది. చాలకాలము మానని వాపు కొన్ని చోట్ల కాన్సరుకు దారి తీయును గనుక, ఈ గుణము వలన నివారణ జరుగునేమో యని శాస్త్రజ్ఞులకు ఆశ కలిగినది. ఆ ఆశ తప్పు గాదు. కాని గాజుపాత్ర వేరు, మనిషి కడుపు వేరు.

మన దేశములో జరిగిన పరీక్షలు

ఈ విషయమున మొదట రోగులపై పరీక్షించినవారిలో మన దేశస్థులు గలరు. కేరళలో త్రిస్సూరునందలి అమల కాన్సరు కేంద్రమువారు 1987 సం.లో ఒక నివేదిక ప్రకటించినారు. శరీరము పైభాగమున కాన్సరు పుండ్లు పడి, ఇతర చికిత్సలకు లొంగని 62 మంది రోగులకు పసుపు సారముతో చేసిన లేపనమును పూసి చూచినారు. నూటికి 90 మందిలో పుండ్ల దుర్వాసన తగ్గినది. దాదాపు అందరిలోను దురద తగ్గినది. నూటికి 70 మందిలో పుండు ఆరినది. పుండు పరిమాణము, నొప్పి తగ్గినవారు మాత్రము నూటికి 10 మంది. ఈ పరీక్షలో పోల్చి చూచుటకు లేపనము పూయని మరియొక జట్టు లేదు. అయినను కంపుకొట్టు పుండుతో ఇంటిలో ఒక మూల పడియున్న రోగికి ఆ వాసన పోవుట ఎంత మేలో, అట్టివారికి సేవ చేసినవారికి తెలియును. దీనిని చిన్న విషయముగా ఎంచరాదు. కాని కాన్సరు మానినదని చెప్పుటకు ఇది చాలదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1992 సం.లో మరియొక పరీక్ష ప్రకటించినారు. చాలకాలముగా పొగత్రాగు 16 మందికి దినమునకు ఒకటిన్నర గ్రాముల పసుపును 30 దినములు ఇచ్చినారు. పొగ వలన శరీరములో చేరి, కణములలోని బీజద్రవ్యమును పాడుచేయు పదార్థములు మూత్రములో ఎంత పోవుచున్నవో కొలిచినారు. పసుపు తినుట వలన అవి తగ్గినవి. ఇచ్చట రెండు విశేషము లున్నవి. ఇచ్చినది గుళిక కాదు, మనము కూరలో వేసికొను పసుపే. ఇచ్చిన మోతాదు గూడ మన ఇంటి వాడుకకు దగ్గరదే. అయితే వారు కొలిచినది మూత్రములోని పదార్థములనే గాని, ఎంతమందికి కాన్సరు రాకుండ పోయినదను సంగతిని గాదు. అట్టి లెక్కకు వేల మందిని పదియేండ్లకు పైగా గమనింపవలసి యుండును.

వీటన్నిటికంటె గట్టి పరీక్ష 2016 సం.లో వెలువడినది. ఇది గూడ కేరళలో జరిగినదే. పొగాకు నమలువారికి నోటిలో తెల్లని మచ్చలు వచ్చును. ఇవి కొందరిలో కాన్సరుగా మారును. అట్టి మచ్చలున్న 223 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు దినమునకు 3.6 గ్రాముల కర్కుమిన్, రెండవ జట్టుకు మందులేని ఉత్త గుళికలు ఆరు నెలలు ఇచ్చినారు. ఎవరికి ఏది ఇచ్చినది రోగికిని, వైద్యునికిని తెలియదు. కర్కుమిన్ తిన్నవారిలో నూటికి 67.5 మందికి, ఉత్త గుళికలు తిన్నవారిలో నూటికి 55.3 మందికి మచ్చలు తగ్గినవి. లాభ మున్నది, కాని స్వల్పము. ఉత్త గుళికలు తిన్నవారిలోనే సగముకంటె ఎక్కువ మందికి మచ్చ తగ్గినదను సంగతిని పాఠకులు గమనింపవలెను. పోల్చు జట్టు లేకుండ చేసిన పరీక్షలను, "మా వూరిలో ఒకరికి తగ్గినది" అను మాటలను ఎందుకు నమ్మరాదో దీనివలన తెలియుచున్నది.

ఒంటికి పట్టని పదార్థము

ఇక మోతాదు సంగతి. పై పరీక్షలో ఇచ్చిన 3.6 గ్రాముల కర్కుమిన్ కావలెనన్న, నూటికి మూడు పాళ్లున్న పసుపుపొడి 120 గ్రాములు తినవలెను. అదియు ప్రతిదినము! మన ఇండ్లలో మనిషి ఒక్కింటికి దినమునకు వాడునది సుమారు రెండు గ్రాములు. అందులో కర్కుమిన్ 60 మిల్లీగ్రాములు. కొన్ని పరీక్షలలో దినమునకు 8 గ్రాముల కర్కుమిన్ ఇచ్చినారు. దానికి పసుపు పావుకిలో దాటును. పప్పులో ఎంత పసుపు వేసినను ఆ మోతాదు రాదు.

అంత తిన్నను ఒంటికి పట్టునా యన్న, అదియు లేదు. కర్కుమిన్ నీటిలో కరగదు. ప్రేగులలో కొద్దిగా పీల్చబడిన భాగమును గూడ కాలేయము వెంటనే మార్చి బయటికి పంపివేయును. తైవానులో 2001 సం.లో ప్రకటించిన పరీక్షలో దినమునకు 8 గ్రాముల వరకు మూడు నెలలు ఇచ్చినను రోగులకు కీడు కలుగలేదు గాని, రక్తములో చేరిన కర్కుమిన్ అత్యల్పము. బెంగళూరులో 1998 సం.లో జరిగిన ఒక పరీక్షలో మిరియములలోని పైపరీన్ అను పదార్థమును కర్కుమిన్‌తో కలిపి యివ్వగా, రక్తములో చేరు కర్కుమిన్ చాల రెట్లు పెరిగినది. పసుపు, మిరియములు కలిపిన పాలు త్రాగు మన పెద్దల అలవాటును దీనితో ముడిపెట్టి చెప్పుచుందురు. అయితే శూన్యమునకు దగ్గరగా నున్న అంకె ఇరువది రెట్లు పెరిగినను చిన్న అంకెయే యగునని మరువరాదు. అంతేగాక కాలేయము ఇతర మందులను బయటికి పంపు పనిని గూడ మిరియపు సారము అడ్డగించును. దీనివలన కలుగు చిక్కును ముందు చెప్పుదుము.

ప్రేగులలో మాత్రము ఈ లోపము గుణముగా మారవచ్చునని కొందరు తలచినారు. రక్తములో చేరకున్నను ప్రేగుల గోడలకు తగులును గదా! అమెరికాలో 2011 సం.లో పొగత్రాగువారికి దినమునకు 4 గ్రాముల చొప్పున నెల దినములు ఇవ్వగా, పెద్దప్రేగులో కాన్సరుకు తొలిమెట్టని భావించు చిన్న మచ్చలు నూటికి 40 పాళ్లు తగ్గినవి. ప్రేగులలో వంశపారంపర్యముగా బుడిపెలు పుట్టు జబ్బు గల అయిదుగురు రోగులకు 2006 సం.లో కర్కుమిన్‌తో మరియొక పదార్థమును కలిపి యివ్వగా బుడిపెలు సగముకంటె ఎక్కువ తగ్గినవి. అప్పుడు అందరును సంతోషించినారు. అదే జబ్బు గల 44 మందికి ఉత్త గుళికలతో పోల్చి, దినమునకు 3 గ్రాముల కర్కుమిన్ సంవత్సరకాల మిచ్చి 2018 సం.లో ఫలితము ప్రకటించినారు. రెండు జట్లకు తేడా లేకపోయెను. రొమ్ము కాన్సరునకు కిరణచికిత్స చేయునప్పుడు చర్మము కాలుట విషయములో గూడ ఇట్లే జరిగినది. 2013 సం.లో 30 మందిపై చేసిన పరీక్షలో మేలు కనబడినది. 2018 సం.లో 686 మందిపై చేయగా ఆ మేలు నిలువలేదు. 2017 సం.లో కొందరు రసాయన శాస్త్రజ్ఞులు కర్కుమిన్‌పై వచ్చిన పరిశోధనలను సమీక్షించి, గాజుపాత్రలో చేయు పరీక్షలను ఈ పదార్థము తరచుగా తప్పుదారి పట్టించుననియు, ఇది మందుగా నిలుచుట కష్టమనియు వ్రాసినారు.

ఆశ పూర్తిగా పోయినదని గాదు. అమెరికాలో హ్యూస్టను నగరమున 2008 సం.లో క్లోమగ్రంథి కాన్సరు గల రోగులకు దినమునకు 8 గ్రాములు ఇవ్వగా, పరిశీలింపబడిన 21 మందిలో ఇద్దరికి మాత్రము కొంత గుణము కనబడినది. ఆర్మీనియాలో 2020 సం.లో 150 మంది రొమ్ము కాన్సరు రోగులకు ఆస్పత్రి మందుతో పాటు కర్కుమిన్‌ను నరమునకు ఎక్కించి చూడగా, కంతి తగ్గినవారి సంఖ్య హెచ్చినది. ఇవి ఆస్పత్రిలో, వైద్యుల కనుసన్నలలో చేసినవి. ఇంటిలో చేయదగిన పనులు కావు.

పసుపు తిను దేశములో నోటి కాన్సరు

మన దేశములో పెద్దప్రేగు కాన్సరు తక్కువ గనుక అది పసుపు మహిమయే యని కొంద రందురు. మాంసము తక్కువ తినుట, కూరగాయలు, పప్పులు, పీచు గల ధాన్యములు తినుట మున్నగు కారణములు గూడ ఉండగా, కీర్తి అంతయు పసుపున కిచ్చుట న్యాయము గాదు. ఆ తర్కమే నిజమైనచో, దినదినము పసుపు నోటితో తిను మన జనములో నోటి కాన్సరు ప్రపంచములో నెక్కువ యున్న దేశములలో మన దొకటిగా ఎందు కున్నది? పొగాకు వలన. ఉత్తరాంధ్ర సముద్రతీరమున స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల నుంచి అడ్డపొగ త్రాగు అలవాటు గలదు. దానివలన అంగిలిపై కాన్సరు వచ్చునని విశాఖపట్టణపు వైద్యులు ఎన్నడో చూపినారు. వారి యిండ్లలోను పసుపు వాడుదురు. పొగాకు చేసిన కీడును పులుసులోని పసుపు తీర్చలేకపోయినది. చుట్ట, బీడీ, గుట్కా మానుట వలన కలుగు నివారణలో ఎన్నవ వంతు పసుపు వలన కలుగునో ఇంతవరకు ఎవరును లెక్క చూపలేదు. గుంటూరు సీమలో ఈ రెండు పంటలును పండుచున్నవి. ఏ పంట ఏ పక్షమున నున్నదో చెప్పనక్కరలేదు.

చికిత్స మానరాదు

అన్నిటికంటె ప్రమాదకరమైనది, పసుపును నమ్మి ఆస్పత్రికి పోవుట ఆలస్యము చేయుట. అమెరికాలో 2018 సం.లో ప్రకటించిన ఒక పరిశీలనలో, మానదగిన కాన్సరులు గల రోగులలో ఆస్పత్రి చికిత్స మాని ఇతర పద్ధతులనే నమ్మినవారు, చికిత్స పొందిన వారికంటె రెండున్నర రెట్లు అధికముగా మరణించినట్లు తేలినది. రొమ్ములో కంతిగాని, నోటిలో మానని పుండుగాని తొలిదశలో చూపించినచో చాలవరకు నయమగును. ఆరు నెలలు పసుపుపాలు త్రాగి వచ్చినచో ఆ అవకాశము పోవును. హైదరాబాదులో ప్రభుత్వపు ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రి యున్నది. రెండు రాష్ట్రములలోను పేదలకు ప్రభుత్వపు ఉచిత వైద్య పథకముల క్రింద కాన్సరు చికిత్స దొరకును. కాన్సరును మాన్పుదుమని ప్రకటించి మందు లమ్ముట 1954 సం. నాటి చట్టము ప్రకారము నేరము. ఆ చట్టమున్నను ప్రకటనలు ఆగలేదు గనుక రైతులే జాగ్రత్త పడవలెను.

చికిత్స పొందుచున్నవారు అన్నములో, కూరలో పసుపు మానవలసిన పని లేదు. గుళికల మాట వేరు. 2002 సం.లో అమెరికాలో జరిగిన పరీక్షలలో కొన్ని కాన్సరు మందుల శక్తిని కర్కుమిన్ తగ్గించినది. రక్తము గడ్డకట్టకుండ మందు తినువారికి రక్తస్రావపు భయ మున్నది. పిత్తాశయములో రాళ్లున్నవారికిని ఇవి తగవు. ఒంటికి బాగుగ పట్టుటకై మిరియపు సారము చేర్చిన గుళికలు తిని కాలేయము వాచి కామెర్లు వచ్చిన రోగులను ఇటలీలో 2019 సం.లోను, అమెరికాలో 2022 సం.లోను వైద్యులు గుర్తించినారు. గుళికలు తినుచున్నవారు ఆ సంగతి వైద్యునికి దాచకుండ చెప్పవలెను.

రైతు చేతిలో నున్న పని

పసుపు కాన్సరును ఎంత ఆపునో యింకను తేలవలసి యున్నది గాని, పాడు పసుపు కాన్సరును తెచ్చు ననుటలో సందేహము లేదు. ఇది రైతు చేతిలోను, వర్తకుని చేతిలోను ఉన్నది.

మొదటిది బూజు. సరిగా ఎండని కొమ్ములపై పెరుగు ఒక జాతి బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. ఇది కాలేయమునకు కాన్సరు తెచ్చునని నిర్ధారణ యైనది. ఐరోపా దేశములవారు కిలో పసుపులో ఇది మొత్తము 10 మైక్రోగ్రాములు దాటిన సరుకును త్రిప్పి పంపుదురు. కావున త్రవ్విన రెండు మూడు దినములలో పసుపును ఉడకబెట్టవలెను. కొమ్ములను, తల్లిదుంపలను వేరువేరుగా ఉడకబెట్టవలెను. దుంపలు మునుగునట్లు మంచినీరు పోసి, 45 మొదలు 60 నిముషములు కాచినచో నురుగు పైకి వచ్చి, తెల్లని ఆవిరితో పసుపు వాసన గుమ్మని వచ్చును. అప్పుడు దింపవలెను. ఎక్కువ ఉడికిన రంగు చెడును, తక్కువ ఉడికిన కొమ్ము పెళుసై విరుగును. పూర్వము కొన్నిచోట్ల ఈ నీటిలో పేడ కలుపుచుండిరి. అది మానవలెను. ఆవిరితో ఉడికించు యంత్రములు ఇప్పుడు నిజామాబాదు ప్రాంతములో వాడుకలో నున్నవి. నలుగురు రైతులు కలిసి అద్దెకు తెచ్చుకొన్న కట్టెల ఖర్చును, కాలమును కలిసివచ్చును.

ఉడికిన దుంపలను సిమెంటు కళ్లముపై గాని, పరదాలపై గాని రెండు మూడు అంగుళముల మందమున పరచి 10 మొదలు 15 దినములు ఎండబెట్టవలెను. మట్టినేలపై పోయరాదు. రాత్రులందు మంచు పడకుండ కప్పవలెను. రెండు కొమ్ములను తట్టిన ఖంగుమని మ్రోగవలెను, విరిచిన టక్కున విరుగవలెను. తేమ నూటికి 10 పాళ్లు మించకుండ చూచుకొని గోనెల కెత్తవలెను. మధ్యలో వాన తడిపిన కుప్పను వేరుగా నుంచవలెను గాని, మంచి సరుకులో కలిపి దాచరాదు.

రెండవది రంగు. బంగ్లాదేశములో 1980 తరువాత నొక వరద సంవత్సరమున పసుపు తడిసి రంగు మాసిపోగా, దానిని కప్పుటకు వర్తకులు లెడ్ క్రోమేట్ అను పచ్చరంగు పూయ నారంభించిరి. అది గోడలకు, బండ్లకు వేయు రంగు. అందులో సీసమున్నది, అది పిల్లల మెదడును చెరచును. అందులోని క్రోమియము కాన్సరును తెచ్చును. కాన్సరు రాకుండ తినుడని చెప్పు వస్తువుపై కాన్సరు తెచ్చు రంగు పూయుట కంటె దుర్మార్గ మేమున్నది? ఈ సంగతిని 2019 సం.లో శాస్త్రజ్ఞులు బయటపెట్టగా, ఆ ప్రభుత్వము అంగళ్లను సోదాచేసి జరిమానాలు వేసినది. 2019 సం.లో సంతలలోని నమూనాలలో నూటికి 47 పాళ్లలో కనబడిన సీసము 2021 నాటికి కానరాకుండ పోయినది. మన దేశమున గూడ పాట్నాలో అమ్మిన మెరుగుపెట్టిన కొమ్ములలో సీస మత్యధికముగా నున్నట్లు 2024 సం.లో వెలువడిన పరిశీలనలో తేలినది. తెలుగు రైతు ఈ పని చేయుచున్నాడని మేము చెప్పుట లేదు. కాని మిక్కిలి మెరయు కొమ్మునకే ఎక్కువ ధర వేయు అలవాటు మార్కెట్టులో ఉన్నంతకాలము ఎక్కడనో ఒకచోట ఎవరో ఒకరు ఈ పని చేయుదురు. కొమ్ములను పీపాలో త్రిప్పి మెరుగు పెట్టునప్పుడు శుభ్రమైన పసుపుపొడి తప్ప మరేమియు చల్లరాదు.

కర్కుమిన్‌కు ధర వచ్చుచున్నది గనుక రకముల నెన్నుకొనుట గూడ ముఖ్యమే. కోజికోడు సుగంధద్రవ్య పరిశోధన సంస్థవారి ప్రభ, ప్రతిభ రకములలో కర్కుమిన్ నూటికి 6 పాళ్లు దాటును. ప్రగతి రకము సుమారు 180 దినములకే వచ్చును, కర్కుమిన్ 5 పాళ్లుండును. నీరు తక్కువ యున్నచోట ఇది అనుకూలము. మన పాత దుగ్గిరాల, ఆర్మూరు రకములలో కర్కుమిన్ ఇంతకంటె తక్కువయే గాని దిగుబడికిని, నిలువకును మంచివి. సారము తీయు కర్మాగారముల కమ్మదలచినవారు క్రొత్త రకములను, వంటింటి పసుపు కమ్మువారు తమ భూమికి అలవాటైనవానిని వేసికొనవచ్చును. ఒకే రకమైనను నేలను బట్టి, ఎరువును బట్టి కర్కుమిన్ మారును. కనుక అమ్మకమునకు ముందు నమూనా పరీక్ష చేయించుకొని, కాగితము చేత పట్టుకొని బేరమాడుట మేలు. నిజామాబాదు కేంద్రముగా 2025 సం.లో జాతీయ పసుపు బోర్డు ఏర్పడినది. పరీక్షలు ఎక్కడ చేయుదురో అక్కడ గాని, వ్యవసాయాధికారి వద్ద గాని తెలిసికొనవచ్చును.

ఇంటి వాడుకకు మాత్రము మెరుగు పెట్టకముందే కొన్ని కొమ్ములను విడిగా తీసి యుంచుకొనుడు. అయిదుగు రున్న యింటికి సంవత్సరమునకు నాలుగు కిలోలు చాలును. గాలి సోకని డబ్బాలో దాచి, రెండు నెలలకు సరిపడునంత చొప్పున దంచుకొన్న రంగును, వాసనయు చెడకుండును.